ఆక్సైడు విషమసంధులలో కాంతివోల్టాయిక్ ప్రభావం - ఉష్ణోగ్రత పాత్ర

అర్ధవాహకాలతో చేసిన సంధి మీద వెలుతురు పడినప్పుడు ఆ సంధి రెండు కొసల మధ్య వోల్టేజి పుట్టడాన్ని కాంతివోల్టాయిక్ ప్రభావం అంటారు. సౌర ఘటాలన్నీ ఈ ప్రభావం మీద ఆధారపడి పనిచేస్తాయి. సంధికి రెండు వైపులా వేర్వేరు పదార్థాలు ఉంటే దానిని విషమసంధి అంటారు. ఆ పదార్థాలలో ఒకటి గాని, రెండూ గాని లోహ ఆక్సైడులైతే అది ఆక్సైడు విషమసంధి. రాగి ఆక్సైడు - జింకు ఆక్సైడు సంధి, మాంగనైట్ - స్ట్రాన్షియం టైటనేట్ సంధి ఇందుకు ఉదాహరణలు.

ఈ సంధులు ఇచ్చే వోల్టేజి ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. పడే వెలుతురు అంతే ఉన్నా సంధి వేడెక్కితే వోల్టేజి తగ్గుతుంది, చల్లబడితే పెరుగుతుంది. ఈ మార్పును అధ్యయనం చేయడానికి రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది వ్యావహారికమైనది. సౌర ఫలకం మీద ముద్రించే సామర్థ్యం 25 డిగ్రీల సెల్సియస్ వద్ద కొలిచినది. తెలుగునాట వేసవి మధ్యాహ్నం ఇంటి కప్పు మీది ఫలకం 70 డిగ్రీల వరకు వేడెక్కుతుంది. రెండవ కారణం శాస్త్రీయమైనది. సంధిలో నష్టం ఏ చోట జరుగుతున్నదో కంటికి కనిపించదు. వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద వోల్టేజిని కొలిస్తే ఆ చోటు తెలుస్తుంది. ఈ రెండు విషయాలకూ మూలం ఒకే సమీకరణం. నష్టాన్ని తగ్గించుకొన్న సంధి వేడిని కూడా బాగా తట్టుకొంటుంది.

పరిభాష

కాంతివోల్టాయిక్ ప్రభావాన్ని, కాంతివిద్యుత్ ఫలితాన్ని ఒకటిగా భావించరాదు. కాంతివిద్యుత్ ఫలితంలో వెలుతురు తాకిడికి ఎలక్ట్రాన్లు లోహపు ఉపరితలాన్ని విడిచి బయటికి వస్తాయి. దీనిని 1887లో హెర్ట్జ్ గమనించగా 1905లో ఐన్‌స్టీన్ వివరించాడు. కాంతివోల్టాయిక్ ప్రభావంలో ఎలక్ట్రాన్లు పదార్థాన్ని విడిచిపోవు. లోపలే ఒక వైపు నుండి మరొక వైపుకు జరుగుతాయి.

ఈ వ్యాసంలో వాడిన ముఖ్యమైన మాటలు ఇవి.

శక్తి అంతరం: అర్ధవాహకంలో బంధాలలో చిక్కుకొని ఉన్న ఎలక్ట్రాన్ల శక్తి పట్టీని సంయోజక పట్టీ అని, స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్ల శక్తి పట్టీని వహన పట్టీ అని అంటారు. ఈ రెంటి మధ్య దూరమే శక్తి అంతరం. దీనిని ఎలక్ట్రాన్ వోల్టులలో కొలుస్తారు.

రంధ్రం: ఎలక్ట్రాన్ వహన పట్టీకి ఎగిరిపోగా సంయోజక పట్టీలో మిగిలిన ఖాళీ. ఇది ధనావేశంలా ప్రవర్తిస్తుంది.

లేమి పొర: సంధికి ఇరువైపులా స్వేచ్ఛావేశాలు లేకుండా ఉండే పలుచని ప్రాంతం. అంతర్గత విద్యుత్ క్షేత్రం ఇక్కడే ఉంటుంది.

వివృత వలయ వోల్టేజి: బయట ఏ భారమూ కలపనప్పుడు వెలుతురులో ఘటం చూపే వోల్టేజి.

పునస్సంయోగం: ఎలక్ట్రాన్, రంధ్రం తిరిగి కలిసిపోవడం. వెలుతురు ఇచ్చిన శక్తి ఇలా వ్యర్థమౌతుంది.

చరిత్ర

1839లో ఫ్రాన్సు దేశస్థుడు ఎడ్మండ్ బెకరెల్ తన 19వ ఏట, ద్రావణంలో ముంచిన లోహపు పలకల మీద వెలుతురు పడితే విద్యుత్తు పుడుతున్నదని గమనించాడు. 1876లో ఇంగ్లండులో ఆడమ్స్, డే అనువారు సెలీనియం అనే ఘన పదార్థంలో ఈ ప్రభావాన్ని చూశారు. 1920లలో అమెరికాలో గ్రాండాల్ రాగి రేకును కాల్చి దాని మీద క్యూప్రస్ ఆక్సైడు పొరను ఏర్పరచి, విద్యుత్తును ఒకే దిశలో పోనిచ్చే ఏకధిక్కారిని తయారుచేశాడు. ఈ సాధనం మీద వెలుతురు పడితే వోల్టేజి పుడుతుందని త్వరలోనే తెలిసింది. ఈ విధంగా ఆక్సైడు కాంతిఘటం సిలికాన్ సౌరఘటం కన్నా వయసులో పెద్దది. అయితే 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చేపిన్, ఫుల్లర్, పియర్సన్ రమారమి 6 శాతం దక్షత గల సిలికాన్ ఘటాన్ని చేసి చూపిన తరువాత అందరి దృష్టి సిలికాన్ మీదకు మళ్ళింది.

ఆక్సైడులు మళ్ళీ ముందుకు రావడానికి మూడు సంఘటనలు తోడ్పడ్డాయి. 1991లో ఓరెగన్, గ్రెట్‌జెల్ టైటానియం డయాక్సైడు సూక్ష్మకణాలకు రంగు పదార్థం పట్టించి చౌకైన సౌరఘటాన్ని రూపొందించారు. 2004లో ఒటోమో, హ్వాంగ్ ఒక విచిత్రాన్ని ప్రకటించారు. లాంథనం అల్యూమినేట్, స్ట్రాన్షియం టైటనేట్ అనే రెండు విద్యుత్ బంధకాలు కలిసే హద్దు వద్ద విద్యుత్తు చక్కగా ప్రవహిస్తుందని వారు చూపారు. 2009లో జపానులో మియసాకా బృందం టైటానియం డయాక్సైడు మీద హేలైడ్ పెరోవ్‌స్కైట్ పూసి 3.8 శాతం దక్షతను సాధించింది. అక్కడి నుండి ఆ రంగం చాలా వేగంగా ఎదిగింది.

విషమసంధుల సిద్ధాంతానికీ, వాటి వినియోగానికీ పునాదులు వేసిన క్రోమర్, అల్ఫెరోవ్‌లకు 2000లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

వోల్టేజి ఎలా పుడుతుంది

ఎలక్ట్రాన్లు అధికంగా ఉన్న ఎన్-రకం పదార్థాన్ని, రంధ్రాలు అధికంగా ఉన్న పి-రకం పదార్థాన్ని కలిపితే హద్దు వద్ద కొన్ని ఎలక్ట్రాన్లు అటు, కొన్ని రంధ్రాలు ఇటు వ్యాపిస్తాయి. అవి వెళ్ళిపోయిన చోట కదలలేని అయాన్లు మిగులుతాయి. ఆ అయాన్ల వలన అంతర్గత విద్యుత్ క్షేత్రం ఏర్పడుతుంది. ఇదే లేమి పొర.

ఇప్పుడు వెలుతురు పడిందనుకొందాం. శక్తి అంతరం కన్నా ఎక్కువ శక్తి గల ప్రతి ఫోటాన్ ఒక ఎలక్ట్రాన్‌ను, ఒక రంధ్రాన్ని పుట్టించగలదు. లేమి పొరలోని క్షేత్రం ఎలక్ట్రాన్‌ను ఎన్ వైపుకు, రంధ్రాన్ని పి వైపుకు తోస్తుంది. రెండు కొసల వద్ద ఆవేశాలు పోగవుతాయి. ఆ పోగు వలన కలిగేదే వోల్టేజి. పోగైన ఆవేశం పెరిగే కొద్దీ సంధి గుండా వెనుకకు కారిపోయే ప్రవాహం కూడా పెరుగుతుంది. వచ్చేది, కారేది సమానమైన చోట వోల్టేజి నిలుస్తుంది. అడుగున చిల్లు ఉన్న కుండలోకి నీరు పోస్తే, పోసే నీరు కారే నీరు సమానమైన మట్టం వద్ద నీరు నిలిచినట్లే ఇదీ. వివృత వలయ వోల్టేజి అంటే ఆ మట్టమే.

విషమసంధిలో ఒక సౌకర్యం, ఒక చిక్కు ఉన్నాయి. శక్తి అంతరం ఎక్కువగా ఉన్న పదార్థాన్ని పైన ఉంచితే అది కిటికీ అద్దంలా వెలుతురును లోపలికి పోనిస్తుంది. జింకు ఆక్సైడు శక్తి అంతరం సుమారు 3.3 ఎలక్ట్రాన్ వోల్టులు, టైటానియం డయాక్సైడు, స్ట్రాన్షియం టైటనేట్‌లకు సుమారు 3.2. ఇవి దృశ్య కాంతిని ఆపవు. 2.1 ఎలక్ట్రాన్ వోల్టుల క్యూప్రస్ ఆక్సైడు వంటిది అడుగున ఉండి ఆ కాంతిని గ్రహిస్తుంది. ఇది సౌకర్యం. ఇక చిక్కు ఏమంటే రెండు పదార్థాల పట్టీలు హద్దు వద్ద ఒకే ఎత్తులో కలవవు. అక్కడ మెట్లు ఏర్పడతాయి. స్ఫటిక జాలకాల కొలతలు సరిపోకపోవడం వలన హద్దు వద్ద లోపాలు కూడా ఎక్కువ. ఈ మెట్ల వద్ద, లోపాల వద్ద పునస్సంయోగం సులభంగా జరుగుతుంది. కుండ చిల్లు ఇక్కడే పెద్దదవుతుంది.

వేడికి వోల్టేజి ఎందుకు తగ్గుతుంది

ఉష్ణోగ్రత పెరిగితే స్ఫటికంలో పరమాణువుల కంపనం హెచ్చుతుంది. వెలుతురు లేకున్నా ఆ వేడికే కొన్ని ఎలక్ట్రాన్లు అంతరాన్ని దాటుతాయి. అందువలన సంధి గుండా వెనుకకు కారే ప్రవాహం, అంటే చీకటి ప్రవాహం, ఎంతో వేగంగా పెరుగుతుంది. సిలికాన్ డయోడులో ఇది సుమారు ప్రతి 10 డిగ్రీలకు రెట్టింపు అవుతుందని స్థూలమైన లెక్క. వెలుతురు ఇచ్చే ప్రవాహం మాత్రం ఉష్ణోగ్రతతో పెద్దగా మారదు. కుండలోకి పోసే నీరు అంతే ఉండి చిల్లు పెద్దదైతే మట్టం దిగకతప్పదు.

దీనినే సమీకరణంగా ఇలా చెప్పవచ్చు.

వివృత వలయ వోల్టేజి = (క్రియాశీలన శక్తి ÷ ఎలక్ట్రాన్ ఆవేశం) - ఆదర్శ గుణకం × ఉష్ణ వోల్టేజి × సహజ సంవర్గమానం (చీకటి ప్రవాహ గుణకం ÷ కాంతి ప్రవాహం)

ఇక్కడ ఉష్ణ వోల్టేజి అంటే బోల్ట్జ్‌మన్ స్థిరాంకాన్ని పరమ ఉష్ణోగ్రతతో హెచ్చించి ఎలక్ట్రాన్ ఆవేశంతో భాగించగా వచ్చేది. ఇది 300 కెల్విన్‌ల వద్ద సుమారు 25.9 మిల్లీవోల్టులు, ద్రవ నత్రజని ఉష్ణోగ్రత అయిన 77 కెల్విన్‌ల వద్ద సుమారు 6.6 మిల్లీవోల్టులు. క్రియాశీలన శక్తి అంటే పునస్సంయోగం జరగడానికి ఆవేశాలు దాటవలసిన గట్టు ఎత్తు. చీకటి ప్రవాహ గుణకం కాంతి ప్రవాహం కన్నా ఎన్నో రెట్లు పెద్దది కాబట్టి సంవర్గమానం ధన సంఖ్యే అవుతుంది. కనుక ఉష్ణోగ్రత పెరిగితే తీసివేసే భాగం పెరుగుతుంది, వోల్టేజి తగ్గుతుంది.

ఈ సమీకరణం నుండి ఒక ముఖ్యమైన ఫలితం వస్తుంది. ఒక్కొక్క డిగ్రీకి తగ్గే వోల్టేజి, క్రియాశీలన శక్తికీ ఘటం ఇప్పుడు ఇస్తున్న వోల్టేజికీ మధ్య ఉన్న తేడాను పరమ ఉష్ణోగ్రతతో భాగించగా వచ్చే దానికి ఇంచుమించు సమానం. సిలికాన్‌కు ఆ శక్తి సుమారు 1.2 ఎలక్ట్రాన్ వోల్టులు. 300 కెల్విన్‌ల వద్ద 0.65 వోల్టులు ఇచ్చే ఘటం డిగ్రీకి 1.8 మిల్లీవోల్టులు, అంటే తన వోల్టేజిలో 0.28 శాతం, కోల్పోతుంది. అదే సిలికాన్‌తో పునస్సంయోగాన్ని తగ్గించి 0.74 వోల్టులు రాబట్టిన ఘటం డిగ్రీకి 1.5 మిల్లీవోల్టులు, అంటే 0.21 శాతం మాత్రమే కోల్పోతుంది. చల్లని వేళ మంచి ఘటం వేడి వేళ మరింత మంచి ఘటం అవుతుందన్నమాట.

చల్లబరిస్తే ఏమౌతుంది

పై సమీకరణం ప్రకారం చల్లబరిచే కొద్దీ వోల్టేజి సరళరేఖలో పెరుగుతూ పోవాలి. కొంత దూరం అలాగే పెరుగుతుంది. ఆ తరువాత రేఖ వంగి, కొన్ని సంధులలో వోల్టేజి ఒకచోట నిలిచిపోతుంది. ఘటం ఇచ్చే శక్తి తగ్గిపోవడం కూడా కద్దు. దీనికి ముఖ్య కారణాలు మూడు.

1. ఆవేశాలు గడ్డకట్టడం. ఆక్సైడులలో రంధ్రాలను ఇచ్చే లోపాల శక్తిస్థాయిలు లోతుగా ఉంటాయి. క్యూప్రస్ ఆక్సైడులో రాగి పరమాణువులు లోపించిన ఖాళీలు ఈ పని చేస్తాయి. లోతు 0.3 ఎలక్ట్రాన్ వోల్టులని తీసుకొంటే 300 నుండి 200 కెల్విన్‌లకు చల్లబరిచినప్పుడు రంధ్రాల సంఖ్య సుమారు 300 రెట్లు తగ్గగలదు. అప్పుడు నిరోధం పెరిగి, వోల్టేజి ఉన్నా ప్రవాహం బయటికి రాదు.

2. గట్లు దాటలేకపోవడం. హద్దు వద్ద పట్టీల మెట్టు పైకి ఉంటే దానిని దాటడానికి ఎలక్ట్రాన్‌కు ఉష్ణ శక్తి కావాలి. చలిలో అది చాలదు.

3. పదార్థమే మారిపోవడం. స్ట్రాన్షియం టైటనేట్ ఇందుకు చక్కని ఉదాహరణ. గది ఉష్ణోగ్రత వద్ద దీని రోధక స్థిరాంకం సుమారు 300. కొన్ని కెల్విన్‌ల వద్ద అది 20,000 దాటుతుంది. లేమి పొర మందం రోధక స్థిరాంకపు వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది కాబట్టి చలిలో ఆ పొర వెడల్పవుతుంది. అయితే బలమైన విద్యుత్ క్షేత్రంలో ఆ స్థిరాంకం తగ్గిపోతుంది గనుక వెడల్పు లెక్కకు వచ్చినంతగా పెరగదు. ఇదే పదార్థం 105 కెల్విన్‌ల వద్ద తన స్ఫటిక రూపాన్ని కూడా మార్చుకొంటుంది.

ఉష్ణోగ్రత ఇచ్చే సాక్ష్యం

వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద కొలిచిన వివృత వలయ వోల్టేజిని రేఖాచిత్రంగా గీసి, సరళరేఖగా ఉన్న భాగాన్ని పరమ శూన్య ఉష్ణోగ్రత వరకు పొడిగిస్తారు. ఆ రేఖ నిలువు అక్షాన్ని తాకిన చోటు క్రియాశీలన శక్తిని తెలుపుతుంది. ఆ విలువ కాంతిని గ్రహించే పదార్థపు శక్తి అంతరానికి సమానమైతే నష్టం ఆ పదార్థం లోపల జరుగుతున్నదని అర్థం. అంతకన్నా తక్కువైతే నష్టం హద్దు వద్ద జరుగుతున్నదని అర్థం.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకొందాం. శక్తి అంతరం 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు గల ఆక్సైడుతో చేసిన ఘటం 300 కెల్విన్‌ల వద్ద 0.60 వోల్టులు, 250 కెల్విన్‌ల వద్ద 0.75 వోల్టులు ఇచ్చిందనుకొందాం. కెల్విన్‌కు 3 మిల్లీవోల్టుల వాలు. 300 కెల్విన్‌లు వెనుకకు పోతే 0.9 వోల్టులు కలుస్తాయి. మొత్తం 1.5 వోల్టులు. ఇది 2.1 కన్నా చాలా తక్కువ. కనుక ఈ ఘటంలో తప్పు ఆక్సైడు లోపల లేదు, అతుకులో ఉంది. ఆక్సైడును ఎంత శుద్ధిచేసినా లాభం లేదు, అతుకును సరిచేయాలి. ఒక గీత పరిశోధకునికి ఏళ్ళ శ్రమను ఆదా చేయగలదు.

కొన్ని ముఖ్యమైన సంధులు

క్యూప్రస్ ఆక్సైడు - జింకు ఆక్సైడు: రెండూ విషం లేనివి, విరివిగా దొరికేవి. క్యూప్రస్ ఆక్సైడు ఘటానికి సిద్ధాంతం ప్రకారం సుమారు 20 శాతం దక్షత సాధ్యం. కానీ జింకు ఆక్సైడు వహన పట్టీ, క్యూప్రస్ ఆక్సైడు వహన పట్టీ కన్నా సుమారు 1 ఎలక్ట్రాన్ వోల్టు దిగువన ఉంటుంది. ఆ మేరకు వోల్టేజి హద్దు వద్దనే పోతుంది. రెండింటి మధ్య గేలియం ఆక్సైడు పలుచని పొరను ఉంచితే మెట్టు తగ్గుతుంది. ఈ పద్ధతిలో 2014లో అమెరికా పరిశోధకులు 1.2 వోల్టుల వివృత వలయ వోల్టేజిని సాధించారు. 2016లో జపానులోని కనజావా సాంకేతిక సంస్థకు చెందిన మినామి బృందం జింకు - జెర్మేనియం ఆక్సైడు పొరతో 8.1 శాతం దక్షతను చూపింది.

మాంగనైట్ - స్ట్రాన్షియం టైటనేట్: లాంథనం మాంగనైట్‌లో కొంత లాంథనం బదులు స్ట్రాన్షియం గాని కాల్షియం గాని చేరిస్తే అది పి-రకంగా ప్రవర్తిస్తుంది. దానిని నియోబియం కలిపిన ఎన్-రకం స్ట్రాన్షియం టైటనేట్ మీద పలుచని పొరగా పెంచుతారు. 2000లలో బీజింగులోని చైనా విజ్ఞానశాస్త్రాల అకాడమీ పరిశోధకులు ఈ సంధుల కాంతివోల్టాయిక్ ప్రభావాన్ని విస్తృతంగా కొలిచారు. చల్లబరిస్తే కాంతివోల్టేజి పెరుగుతుంది. మాంగనైట్ ఒక నిర్ణీత ఉష్ణోగ్రతకు దిగువన ఫెర్రో అయస్కాంతంగా, లోహంలా మారుతుంది. మూడవ వంతు స్ట్రాన్షియం చేరిన దానికి ఇది సుమారు 360 కెల్విన్‌లు, కాల్షియం చేరిన దానికి సుమారు 250 కెల్విన్‌లు. కొన్ని నమూనాలలో ఈ మార్పు వద్దనే కాంతివోల్టేజి రేఖ వాలు కూడా మారుతుంది. అంటే వెలుతురుతో కొలిచిన రేఖలో అయస్కాంతత్వపు జాడ కనిపిస్తుంది. ఈ సంధులు విద్యుదుత్పత్తికి పనికివచ్చేవి కావు. వేగంగా స్పందించే కాంతి శోధకాలకు, మూల విజ్ఞానానికి ఇవి ఉపయోగపడతాయి.

టైటానియం లేక తగరపు ఆక్సైడు - హేలైడ్ పెరోవ్‌స్కైట్: ఇక్కడ ఆక్సైడు ఎలక్ట్రాన్లను మాత్రమే పోనిచ్చే ద్వారంగా పనిచేస్తుంది. పెరోవ్‌స్కైట్ అనే పేరు కాల్షియం టైటనేట్ అనే ఆక్సైడు ఖనిజానిది. ఆ ఖనిజాన్ని ఉరల్ పర్వతాలలో కనుగొన్నది కూడా 1839లోనే. సిలికాన్‌లో వేడికి శక్తి అంతరం తగ్గుతుంది, ఈ హేలైడ్ పదార్థాలలో మాత్రం పెరుగుతుంది. ఎక్కువగా వాడే మిథైల్ అమ్మోనియం లెడ్ అయొడైడ్ సుమారు 55 డిగ్రీల సెల్సియస్ వద్ద తన స్ఫటిక రూపాన్ని మార్చుకొంటుంది. మన ఎండలో ఫలకం ఆ గీతను రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దాటవలసి ఉంటుంది. వీటి మన్నిక మీద జరుగుతున్న పరిశోధనకు ఇది ఒక కారణం.

సిలికాన్ మీది ఆక్సైడు పొరలు: ఇవి పై సంధులకు దగ్గరి చుట్టాలు. నేటి కొత్త తరం సిలికాన్ ఘటాలలో ఒక రకానికి టాప్‌కాన్ అని పేరు. ఇందులో సిలికాన్ పలకకూ లోహపు తీగలకూ మధ్య 1 నుండి 2 నానోమీటర్ల మందం గల సిలికాన్ ఆక్సైడు పొర ఉంటుంది. ఎలక్ట్రాన్లు సొరంగ ప్రభావం ద్వారా దీనిని దాటుతాయి, పునస్సంయోగం మాత్రం తగ్గుతుంది. మరొక రకంలో స్ఫటిక సిలికాన్ మీద అస్ఫటిక సిలికాన్‌ను, దాని మీద ఇండియం - తగరపు ఆక్సైడు వంటి పారదర్శక వాహకాన్ని పూస్తారు. దీనిని హెటిరోజంక్షన్ ఘటం అని వ్యవహరిస్తారు.

కొలిచే విధానం, జాగ్రత్తలు

నమూనాను క్రయోస్టాట్ అనే శూన్య పాత్రలో ఉంచి ద్రవ నత్రజనితో గాని ద్రవ హీలియంతో గాని చల్లబరుస్తారు. క్వార్ట్జ్ కిటికీ గుండా వెలుతురును పంపుతారు. ఉష్ణోగ్రతను మెట్లు మెట్లుగా మారుస్తూ ప్రతి మెట్టు వద్ద వోల్టేజి - ప్రవాహం రేఖను చీకటిలో ఒకసారి, వెలుతురులో ఒకసారి నమోదు చేస్తారు.

ఇందులో రెండు పొరపాట్లకు అవకాశం ఉంది. ఉష్ణోగ్రతను కొలిచే సాధనం చల్లని పీఠం మీద ఉండి, నమూనా వెలుతురుకు వేడెక్కితే కొలత తప్పుతుంది. రెండవది, లేజరు కిరణం నమూనాలో ఒక వైపునే వేడిచేస్తే సీబెక్ ప్రభావం వలన ఉష్ణవిద్యుత్ వోల్టేజి పుడుతుంది. దానిని కాంతివోల్టేజిగా పొరబడవచ్చు. కాంతివోల్టేజి తక్షణమే పుడుతుంది, ఉష్ణవిద్యుత్ వోల్టేజి సాధారణంగా మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది. అందువలన వెలుతురును చిన్న చిన్న స్పందాలుగా పంపి రెంటినీ వేరుచేస్తారు.

విద్యార్థులు చేయదగిన ప్రయోగం

క్రయోస్టాట్ లేకుండానే ఈ పద్ధతిని పాఠశాలలో చేసి చూడవచ్చు. కావలసినవి ఒకే ఒక సిలికాన్ ఘటం, డిజిటల్ మల్టీమీటరు, ఉష్ణమాపకం, ఎల్‌ఈడీ దీపం, ఒక గాజు పళ్ళెం. ఘటాన్ని నీరు చొరని పారదర్శకమైన సంచిలో పెట్టి పళ్ళెంలో ఉంచాలి. దీపాన్ని పైన ఒకే ఎత్తులో బిగించాలి. ముందు మంచు నీరు, తరువాత మామూలు నీరు, చివరకు సుమారు 60 డిగ్రీల వేడి నీరు ఒకే మట్టానికి పోసి, ప్రతిసారీ కొన్ని నిమిషాలు ఆగి వోల్టేజిని గుర్తించాలి. డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గడం కనిపిస్తుంది.

ఈ బిందువులను గ్రాఫు కాగితం మీద గుర్తించి గీతను -273 డిగ్రీల వరకు పొడిగించాలి. 27 డిగ్రీల వద్ద 0.58 వోల్టులు ఉండి డిగ్రీకి 2 మిల్లీవోల్టులు తగ్గుతున్నదనుకొంటే 0.58 + 0.60 = 1.18 వోల్టులు వస్తుంది. ఇది సిలికాన్ శక్తి అంతరానికి చాలా దగ్గరి విలువ. వేడి నీళ్ళతో, మల్టీమీటరుతో ఒక స్ఫటికపు అంతర్నిర్మాణాన్ని కొలిచినట్లయింది.

తెలుగు ప్రాంతంలో

రంగారెడ్డి జిల్లాలోని బడంగ్‌పేట్‌కు పొరుగున ఉన్న బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థ ఉన్నది. చూర్ణ లోహశాస్త్రం, కొత్త పదార్థాలు దీని ముఖ్య రంగాలు. ఇందులోని సౌరశక్తి పదార్థాల కేంద్రంలో రాగి - ఇండియం - గేలియం - సెలీనియంతో చేసే పలుచని పొరల ఘటాల మీద, పెరోవ్‌స్కైట్ ఘటాల మీద పరిశోధన జరిగింది. రాగి - ఇండియం ఘటానికి పై కిటికీ పొర జింకు ఆక్సైడే. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో టైటానియం డయాక్సైడుకు రంగు పట్టించిన ఘటాల మీద, ఉస్మానియా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర శాఖలో మాంగనైట్ల మీద కృషి జరిగింది. ఇదే జిల్లాలో రావిర్యాల వద్ద ఫ్యాబ్ సిటీలో సిలికాన్ ఘటాలు, ఫలకాలు తయారుచేసే కర్మాగారాలు ఉన్నాయి.

విద్యుదుత్పత్తి కేంద్రాలలోనూ ఉష్ణోగ్రత ప్రభావం చిన్నది కాదు. 2017లో సిద్ధమైన కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు సామర్థ్యం 1,000 మెగావాట్లు. ఫలకం 25 డిగ్రీల కన్నా 40 డిగ్రీలు ఎక్కువ వేడెక్కినప్పుడు, డిగ్రీకి తగ్గుదల 0.1 శాతం తేడా ఉన్న రెండు రకాల ఫలకాల మధ్య ఉత్పత్తిలో 4 శాతం భేదం వస్తుంది. అంత సామర్థ్యం గల కేంద్రానికి అది 40 మెగావాట్లు. 2022 జూలై 1 నాటికి పూర్తిస్థాయిలో పనిచేయడం మొదలుపెట్టిన రామగుండం ఎన్‌టీపీసీ 100 మెగావాట్ల కేంద్రంలో ఫలకాలు జలాశయం మీద తేలుతూ ఉంటాయి. నీటి చల్లదనం వలన అవి నేల మీది ఫలకాల కన్నా తక్కువ వేడెక్కడం ఈ ఏర్పాటు ప్రయోజనాలలో ఒకటి.

ఇంటి కప్పు మీద లెక్క

ఫలకంతో పాటు ఇచ్చే వివరాల పత్రంలో రెండు సంఖ్యలను చూడాలి. ఒకటి సాధారణ పనితీరు ఉష్ణోగ్రత. గాలి 20 డిగ్రీలుండి, చదరపు మీటరుకు 800 వాట్ల ఎండ పడుతూ, గాలి మెల్లగా వీస్తున్నప్పుడు ఘటం చేరే ఉష్ణోగ్రత ఇది. ఎక్కువ ఫలకాలకు సుమారు 45 డిగ్రీలు. రెండవది శక్తి ఉష్ణ గుణకం. ఒక్కొక్క డిగ్రీకి ఎంత శాతం శక్తి తగ్గుతుందో ఇది తెలుపుతుంది.

హైదరాబాదు పరిసరాలలో మే నెల మధ్యాహ్నం గాలి 40 డిగ్రీలు, ఎండ చదరపు మీటరుకు 1,000 వాట్లు అనుకొందాం. 800 వాట్లకు గాలి కన్నా 25 డిగ్రీలు హెచ్చితే 1,000 వాట్లకు 31 డిగ్రీలు హెచ్చుతుంది. ఫలకం 71 డిగ్రీలకు చేరుతుంది. ఇది 25 కన్నా 46 డిగ్రీలు ఎక్కువ. 540 వాట్ల ఫలకానికి గుణకం -0.35 శాతమైతే 16.1 శాతం తగ్గి సుమారు 453 వాట్లు మిగులుతాయి. గుణకం -0.25 శాతమైతే 11.5 శాతం తగ్గి సుమారు 478 వాట్లు మిగులుతాయి. రెండింటి మీదా ముద్రించిన సంఖ్య 540 వాట్లే. ఆరు ఫలకాల ఇంటికి ఆ వేళ తేడా 150 వాట్లు.

చలికాలంలో దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. 10 డిగ్రీల ఉదయం వోల్టేజి ముద్రించిన దానికన్నా సుమారు 4 శాతం పెరగవచ్చు. వరుసగా కలిపిన ఫలకాల మొత్తం వోల్టేజి ఇన్వర్టరు పరిమితిని దాటకుండా చూసుకోవాలంటే ఆ ఊరి అతి తక్కువ ఉష్ణోగ్రతతో లెక్క వేయాలి.

ఫలకాలను కప్పుకు అంటించినట్లు బిగించక, కింద గాలి ఆడే ఎత్తులో అమర్చడం వేడిని తగ్గించే సులభమైన ఉపాయం. దీనివలన కోల్పోయే శక్తిలో కొంత తిరిగి దక్కుతుంది. మిగిలిన దానిని తగ్గించవలసింది సంధిని తయారుచేసేవారే.

ఇవి కూడా చూడండి

అర్ధవాహకం
సౌర ఘటం
కాంతివిద్యుత్ ఫలితం
పెరోవ్‌స్కైట్
సీబెక్ ప్రభావం
బాలాపూర్
బడంగ్‌పేట్